చల్లకొచ్చిన ముప్పు

మా ఏటిదుర్గం కోట శత్రువుల చేతిలో పడి మూడు వందల ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో ఆ విషయమై ఎవరూ ఎటువంటి చర్యా తీసుకోలేదన్న సంగతి మొన్న వేసవిలో ప్రభుత్వం దృష్టికి వచ్చింది.

వెంటనే ఉత్తర్వు వెలువడింది. "గత సైనిక వైఫల్యముల నుండి వర్తమాన భద్రతకు పాఠములు గ్రహించుట" అని దానికి పేరు. కోట ఉన్న ప్రతి ఊరూ తన కోట ఏ కారణం చేత పడిపోయిందో విచారించి, ఇకముందు అదే కారణం చేత మళ్ళీ పడిపోకుండా కట్టుదిట్టం చేసి, ఆ మేరకు నివేదిక పంపాలి. వేరే కారణం చేత పడిపోతే ఏం చెయ్యాలో అందులో లేదు. దానికి వేరే ఉత్తర్వు వస్తుందన్నారు.

జిల్లా అంతా కదిలింది. ఎగువన ఒక కోటను పూర్వం శత్రువులు ఉడుము నడుముకి తాడు కట్టి, దాన్ని గోడ మీదికి పాకించి పట్టుకున్నారట. ఆ ఊళ్ళో ఉడుములన్నిటికీ చెవులకు నంబరు బిళ్ళలు వెయ్యాలని అటవీశాఖ బయల్దేరింది. తీరా పట్టుకుని చూస్తే ఉడుముకి చెవిడొప్పలు లేవు. సవరణ ఉత్తర్వు కోసం పైకి రాసి, పట్టిన ఉడుముల్ని అంతవరకు ఆఫీసులోనే ఉంచారు. దిగువన ఇంకో కోట నీళ్ళు లేక లొంగిపోయిందట. మాకు ఇప్పటికీ నీళ్ళు లేవు మహాప్రభో అని ఆ ఊరివాళ్ళు అర్జీ పెట్టుకుంటే, అయితే మీ ఊరు ఇంకా ముట్టడిలో ఉన్నట్టే లెక్క, ఇది భద్రతకు సంబంధించిన విషయం, బయట ఎక్కడా అనకండని జవాబొచ్చింది.

ఇక మా ఊరి సంగతి. మా కోట ఎందుకు పడిందో ఇక్కడ ఎవర్నడిగినా చెబుతారు. శత్రువు నెలల తరబడి కొండ చుట్టూ డేరాలు వేసుకుని కూర్చున్నాడట. లోపలికి చీమ కూడా దూరే దారి లేదు. కానీ చల్లమ్ముకునే ఒక ఆడమనిషి మాత్రం రోజూ ముంత నెత్తిన పెట్టుకుని పైకి పోయి, అమ్ముకుని, దిగి వచ్చేదట. ఒకరోజు శత్రువు మనుషులు ఆమె వెనకాలే నడిచారు. కొండకి వెనక వైపు, బండల మధ్య నుంచి, ఒక దొడ్డిదారి కనిపించింది. మర్నాటికి కోట మీద జెండా మారిపోయింది. ఇది నిజమో కాదో ఎవరికీ తెలియదు గానీ, మా ఊళ్ళో పిల్లలు అన్నం తినకపోతే తల్లులు చెప్పే కథ ఇదే.

ఆ కొండ మీద ఇప్పుడు జిల్లా నిఘా కేంద్రం ఉంది. పాత ఆయుధాగారానికి సున్నం కొట్టి, లోపల కంప్యూటర్లు పెట్టి, బురుజుల మీద కెమెరాలు బిగించారు. కాపలాకి కొందరు హోంగార్డులు ఉంటారు. బండలు నిప్పులు చెరిగే ఆ కొండ మీద వాళ్ళ ప్రాణం నిలబెట్టేది కోటమ్మ చల్ల. ఆమెకి నాలుగు గేదెలు. పొద్దున్నే చిలికి, ఉప్పు వేసి, కరివేపాకు నలిపి, ఆ దొడ్డిదారినే పైకి పోయి పోసి వస్తుంది. ఆ దారి ఊళ్ళో అందరికీ తెలుసు. రోడ్డు దారి కొండ చుట్టూ తిరిగిపోతుంది కాబట్టి, నడిచేవాళ్ళంతా ఇటే పోతారు.

కోటమ్మకి మొగుడు లేడు. ఒక్కతే కూతురు, పేరు తిరపతమ్మ. గేదెల్ని తోలుకుపోయి, అవి మేస్తున్నంతసేపూ కొండ ఎక్కి దిగుతూ పరుగు సాధన చేసిన పిల్ల. దేశ సరిహద్దు కాచే దళంలో కానిస్టేబులుగా ఎంపికైంది. మా ఊరి నుంచి ఆ ఉద్యోగానికి ఎంపికైన మొదటి ఆడపిల్ల అని నేనే వార్త రాశాను. శిక్షణకు పోయేముందు ఆమెకి కావలసింది ఒకే ఒక కాగితం. ఈమె వల్ల గానీ, ఈమె కుటుంబం వల్ల గానీ భద్రతకు ముప్పు లేదని పోలీసులు ఇచ్చే ధ్రువపత్రం. సి.ఐ. నాగుల్ మీరా గారు సంతకానికి పెన్ను తీశారు కూడా. సరిగ్గా అప్పుడే, ఉత్తర్వు ప్రకారం మా కోట సంగతి విచారించడానికి వేసిన కమిటీకి రమ్మని కబురొచ్చి, పెన్ను జేబులో పెట్టుకుని బయల్దేరారు.

కమిటీకి అధ్యక్షులు ప్రత్యేకాధికారి మార్తాండరావు గారు. సమావేశం అత్యంత రహస్యం. ఆ రహస్యాన్ని జిల్లా అంతా బాగా ప్రచారం చెయ్యాలి కాబట్టి విలేకరిగా నన్ను కూడా పిలిచారు. జీడిపప్పు ఉప్మా పెట్టారు.

"మిత్రులారా, నేటి భద్రతా సవాళ్ళు బహుముఖమైనవి," అని మొదలుపెట్టారు మార్తాండరావు గారు. "సైబర్ దాడులు ఉన్నవి. డ్రోన్లు ఉన్నవి. గూఢచర్యం ఉన్నది. అయినప్పటికీ మన ఫైలులో ఉన్నది చల్ల. ఫైలులో ఉన్నదాని మీదనే మనం చర్య తీసుకోగలం."

సి.ఐ. గారు కాస్త ముందుకు వంగారు. "సార్, కాలేజీ లైబ్రరీలో చరిత్ర పుస్తకం తెప్పించి చూశానండి. చల్ల సంగతి అందులో ఎక్కడా లేదు. కిల్లాదారు లంచం తిని తలుపు తీశాడని ఉంది."

మార్తాండరావు గారు ఉప్మా ప్లేటు పక్కకి జరిపారు.

"కిల్లాదారు అనగా నేటి పరిభాషలో ప్రత్యేకాధికారి," అన్నారు మార్తాండరావు గారు. "బాధ్యత గల అధికారి మీద ఇన్నేళ్ళ తరువాత ఆరోపణ చేయడం సమంజసం కాదు. ఆయన మీద శాఖాపరమైన విచారణ ఏదీ జరిగినట్లు దాఖలా లేదు. కాబట్టి చల్లే."

అప్పుడు కమిటీలో భాషానిపుణులైన శ్రీరంగాచార్యులు గారు గొంతు సవరించుకున్నారు. ఆయన హైస్కూల్లో తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు. మా ఊళ్ళో ఏ కమిటీ వేసినా అందులో ఆయన ఉంటారు.

"పుస్తకములో లేకపోయినా జనుల నోట సాక్ష్యమున్నది," అన్నారు. "చల్లకొచ్చి ముంత దాచినట్టు అని సామెత. దీనిని విడదీసి చూడండి. ఎవరో వచ్చినారు. దేనికి వచ్చినారు? చల్లకు. వచ్చి ఏమి చేసినారు? ముంత దాచినారు. ముంత దాచవలసిన అవసరం ఎవరికి ఉండును? అందులో ఏదో ఉన్నవానికి."

అడగడానికి వచ్చి, అడగలేక మొహమాటపడే మనిషిని చూసి వాడే సామెత అది. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. ఆచార్యులు గారికి ఇంకా బాగా తెలుసు, నాకు ఆయనే చెప్పారు, ఎనిమిదో తరగతిలో. అయినా అలా ముక్కలు చేసి చెప్పేసరికి అందరికీ ఒళ్ళు ఒకలా అయింది. మార్తాండరావు గారు "ముంత దాచుట" అని రాసుకుని కింద రెండు గీతలు గీశారు.

"ప్రస్తుతం కొండ మీదికి చల్ల చేరవేయుచున్నది ఎవరు?"

సి.ఐ. గారు నా వైపు చూశారు. నేను ఉప్మా వైపు చూశాను. "కోటమ్మని, సార్. మంచి మనిషి," అని చివరికి ఆయనే చెప్పారు.

"కోటమ్మ!" అని ఆచార్యులు గారు కుర్చీలోంచి లేచారు. "కోట అను పదమునకు అమ్ము అను ధాతువు చేరినది. కోటను అమ్మునది. పేరులోనే ఒప్పుకున్నదండీ!"

"అమ్మంటే తల్లని కూడా గదా స్వామీ," అన్నారు సి.ఐ. గారు.

"ఆ అర్థమూ ఉన్నది. కానీ భద్రత విషయమున రెండర్థములున్నప్పుడు చెడ్డదే తీసుకొనవలెను."

ఆ పూర్వపు ఆడమనిషికీ ఈ కోటమ్మకీ చుట్టరికం ఉందని రుజువేమిటని సి.ఐ. గారు అడిగారు. లేదని రుజువేమిటని మార్తాండరావు గారు అడిగారు. ప్రత్యేకాధికారి ప్రశ్న పెద్దది కాబట్టి అది నెగ్గింది. కోటమ్మను "వారసత్వ ముప్పు"గా గుర్తించడమైనదని తీర్మానం చదివారు. ఆమె కూతురి కాగితం నా బల్ల మీద ఉందండీ అని సి.ఐ. గారు మెల్లగా అన్నారు. బల్ల మీదే ఉండనివ్వండి, అన్నారు అధ్యక్షులు.

మర్నాటి నుంచి ఊళ్ళో భద్రత మొదలైంది.

మొదట కొండ మీదికి చల్ల నిషేధించారు. తరువాత ముంతల సంగతి చూశారు. లోపల ఏముందో బయటికి కనపడని పాత్ర ఏదైనా ముంత కిందికే వస్తుందని ఆచార్యులు గారు వివరించారు. కోట పరిధిలో గాజు పాత్రలు తప్ప వాడరాదని దండోరా వేశారు. అయ్యప్ప హోటల్ వాళ్ళు సాంబారు బకెట్టు తీసేసి, ఎక్కడి నుంచో చేపల తొట్టి తెచ్చి అందులో పోశారు. పక్కింటికి తోడు పెరుగు కోసం వెళ్ళే ఆడవాళ్ళు గిన్నెను తలకంటే ఎత్తున పట్టుకుని, ఇదిగో గిన్నె అని పైకి అంటూ నడవాలన్నారు. నడిచారు కూడా. తనిఖీలకు నాయకత్వం వహిస్తున్న సి.ఐ. గారు, ఉద్యోగధర్మం తప్పకుండా, సొంత ఇంట్లో ఆవకాయ జాడీని స్వాధీనం చేసుకున్నారు. ఆ వారమంతా ఆయన స్టేషన్లోనే భోంచేశారు.

హోంగార్డులకు చల్ల బదులు పౌష్టిక పానీయం పొడి పంపిణీ చేశారు. నీళ్ళలో కలిపితే సున్నంలా తేలేది. గోడకు వేసినా పట్టేది కాదు.

ఇక మిగిలింది దొడ్డిదారి. గోడ కట్టి మూసెయ్యాలని నిర్ణయించారు. గోడకు నిధులు లేవు గానీ బోర్డులకు ఉన్నాయి. అందుచేత దారి మొదట్లో పెద్ద బోర్డు పెట్టారు. "ఇది కోటలోనికి రహస్య మార్గము. ఇటు వెళ్ళరాదు." మరి బయటి ఊళ్ళ నుంచి వచ్చే శత్రువుకి ఆ బోర్డు ఎక్కడుందో తెలియకపోతే తెలియక వెళ్ళిపోతాడు కదా అని ఎవరో సందేహం లేవదీశారు. అది న్యాయమైన సందేహమే. అందుకని బస్టాండులో ఒకటి, రైల్వే గేటు దగ్గర ఒకటి, ఊరి మధ్యలో మరొకటి, "రహస్య మార్గము" అని బాణం గుర్తులతో పెట్టించారు. శత్రువుకి తెలుగు రాకపోవచ్చునని కింద హిందీలోనూ, ఇంగ్లీషులోనూ రాయించారు.

ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు నేను ఇవన్నీ వార్తలుగా రాసి పంపాను. అవి అచ్చయ్యాయి. రహస్య మార్గం చూడటానికి ఎక్కడెక్కడి జనమో కార్లు వేసుకుని వచ్చారు. బోర్డు పక్కన నిలబడి ఫొటోలు దిగారు. వచ్చినవాళ్ళకి దాహం వేసింది. పైకి పోనివ్వడం లేదు కాబట్టి, కోటమ్మ బోర్డు ఎదురుగా ఒక పాత గొడుగు పాతి, గాజు సీసాల్లో చల్ల పోసి అమ్మడం మొదలుపెట్టింది. బేరం బాగానే సాగింది. కానీ ఆమెకి బేరం మీద ధ్యాస లేదు. పిల్ల శిక్షణకు పోవలసిన సోమవారం దగ్గర పడుతోంది, కాగితం మాత్రం సి.ఐ. గారి బల్ల మీద నుంచి కదల్లేదు.

ఒకరోజు తిన్నగా మార్తాండరావు గారి ఆఫీసుకే వెళ్ళింది. నేను అక్కడే ఉన్నాను.

"అయ్యగోరూ, నేనేం జేశానని నా పేరు రాశారు?"

"నీవు చేసినది ఏమీ లేదమ్మా. సమస్య అక్కడే ఉన్నది. చేసి ఉంటే శిక్ష పడేది, పడి ముగిసేది. చేయనిదానికి ముగింపు ఎక్కడుంటుంది?"

"అయితే నన్ను జైల్లో ఎయ్యండి. మా పిల్ల కాయితం మీద సంతకం బెట్టించండి. తెల్లారకముందే లేసి ఆ కొండ మీద పరిగెత్తిందయ్యా ఆ పిల్ల. కాళ్ళు బొబ్బలెక్కితే వేపాకు నూరి పూసి మళ్ళీ పంపిచ్చా. అదేవన్నా అమెరికా బోతానందా? కాపలా కాయటానికి బోతానంది. కాపలాకి బొయ్యే పిల్లకి ముప్పేందయ్యా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషైతే ఇంత ఓపికగా చెప్పడు. "ముప్పు నివారించబడినట్లు రుజువైన పక్షంలో నీ పేరు తొలగించబడును. వచ్చే శనివారం మాదిరి ముట్టడి పెట్టుచున్నాము. మన కాపలావారు కోటను నిలబెట్టుకున్నచో చల్ల వలన ప్రమాదం తప్పినట్లే. పడిపోయినచో మాత్రం నేనేమీ చేయలేను."

కోటమ్మ ఆ మాట పట్టుకుని ఇంటికి పోయింది. పోలేరమ్మకి మొక్కుకుంది, కోట పడకూడదని. మా ఏటిదుర్గంలో ఆ కోట నిలవాలని మనసారా కోరుకున్న మనిషి ఆమె ఒక్కతేనని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

శనివారం వచ్చింది. ముట్టడి ఎప్పుడో అందరికీ తెలియాలని ఆటోలో మైకు పెట్టి పొద్దున్నుంచి చెబుతూనే ఉన్నారు. మధ్యాహ్నం మొదటి ఈల ఊదగానే శత్రువు దాడి చెయ్యాలి. రెండో ఈల ఊదేలోపల కొండ మీద జెండా పీకితే కోట పోయినట్టు. పక్క మండలం హోంగార్డులకు శత్రువుల వేషం ఇచ్చారు. ఎర్ర రుమాళ్ళు మెడకు కట్టుకుని బస్సు దిగారు. ఎటు పోవాలని ఎవర్నీ అడగవలసిన పని లేకపోయింది.

మార్తాండరావు గారు రోడ్డు వైపు సింహద్వారం దగ్గర దుర్భిణి పట్టుకుని, ఆచార్యులు గారితో సహా శత్రువు కోసం ఎదురుచూస్తున్నారు. సింహద్వారమే కోటకు గౌరవం కాబట్టి శత్రువు ముందు అటే రావాలని వారి అభిప్రాయం. పైన నిఘా కేంద్రంలో మన కాపలావాళ్ళు తెరల ముందు కూర్చున్నారు. ఆ పొడి నీళ్ళు తాగి నాలుకలు పిడచకట్టుకుపోయి ఉన్నాయి. దొడ్డిదారి కెమెరాలో కోటమ్మ గొడుగూ, గొడుగు కింద సీసాలూ, సీసాల మీద తడీ చాలా స్పష్టంగా కనపడుతున్నాయి. మంచి కెమెరాలు మరి. ఒకడు దగ్గరగా చూపించమన్నాడట. ఇంకొకడు ఇంకా దగ్గరగా అన్నాడట.

నేను గొడుగు దగ్గరే ఉన్నాను. చూస్తుండగానే మన కాపలా మనిషి బాజీ చెమటలు కక్కుకుంటూ దిగి వచ్చాడు. వెనకే బసవయ్య. ఆ వెనకే మిగతావాళ్ళు.

కోటమ్మ గుండెలు బాదుకుంది. "మీరెందుకొచ్చార్రా నాయనా! పైన ఎవురున్నారు?"

"బసవయ్య ఉన్నాడు," అన్నాడు బాజీ, సీసా కోసం చెయ్యి చాపుతూ.

"నేను బాజీ ఉన్నాడనుకున్నా," అన్నాడు బసవయ్య.

"పోండ్రా పైకి! మీ కాళ్ళు మొక్కుతా, పోండి! కోట పడితే నా పిల్ల బతుకు పడిపోద్ది!" అని సీసాలన్నీ గబగబా చీర కొంగు కింద దాచేసింది.

"ముంత దాస్తే కేసవుద్ది కోటమ్మా," అన్నాడు బసవయ్య జాలిగా. "నీ మంచికే చెప్తన్నా. ఒక్క గుక్క పొయ్యి, పోతాం."

అంతలో ఎర్ర రుమాళ్ళవాళ్ళు కూడా దిగబడ్డారు. వాళ్ళని చూడగానే కోటమ్మకి ఉపాయం తోచింది. శత్రువు కదలకుండా కూర్చుంటే కోటకి భయమేముంది? "రండయ్యా, ఎండనబడి వచ్చారు, కూకోండి. మీకు డబ్బులొద్దు," అని వాళ్ళకి వరసగా పొయ్యసాగింది. అల్లం దంచి వేసింది. నిమ్మకాయ పిండింది. వాళ్ళు తాగుతున్నారు, ఆమె పోస్తోంది. మధ్య మధ్య మనవాళ్ళ వైపు తిరిగి పళ్ళు నూరుతోంది. కానీ మనవాళ్ళకి అభిమానం దెబ్బతింది.

"శత్రువులకి అల్లం దంచి పోసి, ఇన్నాళ్ళు నీ చల్ల తాగిన మాకు లేదంటావా? ఇదేం న్యాయం?" అని అక్కడే బండ మీద బైఠాయించారు.

ఈల మోగింది. మొదటి ఈల అది. శత్రువులు మూతులు తుడుచుకుని, కోటమ్మకి దణ్ణం పెట్టి, బాణం గుర్తు చూసుకుని దొడ్డిదారి ఎక్కడం మొదలుపెట్టారు. మనవాళ్ళు ఖాళీ అయిన సీసాల మీద పడ్డారు. కోటమ్మ నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడింది.

గేదెల్ని తోలుకుని అప్పుడే అటు వచ్చిన తిరపతమ్మ తల్లిని చూసింది, పైకి పోతున్న రుమాళ్ళని చూసింది. చేతిలో కర్ర చేతిలోనే ఉండగా, దారి వదిలేసి బండల మీద పడి అడ్డంగా ఎగబాకింది. అంత వేగంగా కొండ ఎక్కిన మనిషిని నేను చూడలేదు. వెనకాలే నేనూ ఎక్కాను, విలేకరిని కదా, కానీ సగంలో కూర్చుండిపోయాను. అక్కడి నుంచి అంతా కనపడింది.

దొడ్డిదారి చివర రెండు బండల మధ్య ఒక సందు ఉంది. ఒక మనిషి పక్కకి తిరిగితేనే పడతాడు. శత్రువులు అక్కడికి చేరేసరికి ఆ సందులో తిరపతమ్మ నిలబడి ఉంది. మొదటివాడు ముందుకు వచ్చాడు. మోకాలి చిప్ప మీద కర్ర పడింది.

"అబ్బా! ఏయ్ పాపా! ఇది నిజం ముట్టడి కాదమ్మా, మాదిరి ముట్టడి!"

"ఇదీ మాదిరి దెబ్బే అన్నా," అంది తిరపతమ్మ. "నిజం దెబ్బ కావాలంటే ఇంకో అడుగు ముందుకెయ్యి."

వాడు ఆలోచించాడు. వెనకవాళ్ళు వాడికంటే ఎక్కువ ఆలోచించారు. కడుపు నిండా చల్ల ఉన్న మనిషికి పోట్లాటంటే బద్ధకం. ఒకరిద్దరు ప్రయత్నించి మోచేతులు రుద్దుకున్నారు. మిగతావాళ్ళు బండ నీడన కూర్చుని రెండో ఈల కోసం చూశారు. ఈల మోగింది. జెండా జెండాలాగే ఉంది. కింద నుంచి కోటమ్మ పెట్టిన కేక ఊరంతా వినపడింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, చెప్పడానికి సిగ్గు లేదు.

సాయంత్రం కమిటీ కూర్చుంది. కోట నిలబడిందని ముందు అందరూ చప్పట్లు కొట్టారు. తరువాత మార్తాండరావు గారు ఫైలు తెరిచారు.

"కోట నిలిచినది. సంతోషం. అయితే నిలబెట్టినది ఎవరు? విధుల జాబితాలో లేని వ్యక్తి. ఎక్కడ నిలబడినది? నిషిద్ధ మార్గమున. ఆ మార్గము ఆమెకు ఎట్లు తెలియును?"

బోర్డు పెట్టాం గదా సార్, అన్నారు సి.ఐ. గారు.

"బోర్డు మార్గమును మాత్రమే తెలుపును. ఆమె బండల మీదుగా పోయినది. అనగా మనకు కూడా తెలియని మరొక రహస్య మార్గము ఆమెకు తెలిసినది. అంతేగాక, ఒంటిచేత్తో కోటను నిలబెట్టగల వ్యక్తి ఒంటిచేత్తో పడగొట్టనూ గలదు. కాబట్టి నిన్నటి వరకు ఒక ముప్పు. నేటి నుండి రెండు."

సాహసానికి ప్రశంసాపత్రమూ, అక్రమ ప్రవేశానికి నోటీసూ తిరపతమ్మకు ఇవ్వాలని తీర్మానించారు. తపాలా ఖర్చు కలిసొస్తుందని రెండూ ఒకే కవరులో పెట్టమన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. సోమవారం పొద్దున్నే ఆ పిల్ల రైలెక్కాలి. తెల్లారితే ఆదివారం. తల్లీ కూతుళ్ళిద్దరూ బయట అరుగు మీద కూర్చుని, తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందా అని చూస్తున్నారు.

సి.ఐ. నాగుల్ మీరా గారు లేచి నిలబడ్డారు. ఇంట్లో ఆవకాయ లేని మనిషి. తెగించినట్టే ఉన్నారు.

"సార్, నాదొక చిన్న సందేహం. ముప్పనేది మన ఊళ్ళో ఉంటే మంచిదా, ఊరు దాటి పోతే మంచిదా?"

"దాటి పోవుటయే."

"ఎంత దూరం బోతే బాగుంటది?"

"ఎంత దూరమైతే అంత మేలు. ఇందులో సందేహమేమున్నది?"

"ఈ పిల్లని శిక్షణకి పంపిస్తే నేరుగా దేశం అంచుకి పోద్ది సార్. అంతకంటే దూరం మన దేశంలో ఇంకెక్కడా లేదండి."

మార్తాండరావు గారి ముఖం విప్పారింది. ఇన్ని రోజుల్లో ఆయన ముఖం అలా విప్పారడం నేను చూడలేదు. సి.ఐ. గారు మరి ఆగలేదు. కాగితం జేబులోనే ఉంది, బల్ల మీద నుంచి తీసుకొచ్చారు. అక్కడే రాశారు. "ఈ కుటుంబము వలన దేశ భద్రతకు ముప్పు లేదు. ఏటిదుర్గమునకు మాత్రమే కలదు."

"మరి ఏటిదుర్గము దేశములో లేదా?" అని ఆచార్యులు గారు అడిగారు.

"అది రెవెన్యూ శాఖవారిని అడగవలసిన విషయం," అని మార్తాండరావు గారు స్వయంగా ముద్ర వేశారు.

సోమవారం తిరపతమ్మ రైలెక్కింది. కోటమ్మ ప్లాట్‌ఫారం మీద ఏడవలేదు. పెట్టె అందించి, అన్నం మూట అందించి, రైలు కదిలాక ఇంటికి పోయి గేదెల దగ్గర ఏడ్చిందట.

తరువాత కొన్నాళ్ళకి కమిటీ నివేదిక పైకి పోయింది. మార్తాండరావు గారికి అభినందన లేఖ వచ్చింది, వార్త రాయమని నివేదిక నకలు నా చేతికిచ్చారు. కోటమ్మ గొడుగు దగ్గర కూర్చుని చదువుతుంటే, మా పిల్ల సంగతేమన్నా రాశారా అని ఆమె అడిగింది. చదవకుండా ఉందామనుకున్నాను. చివరికి పైకే చదివాను.

"ఏటిదుర్గము నందు గుర్తించబడిన ప్రధాన ముప్పును దేశ సరిహద్దునకు విజయవంతముగా తరలించడమైనది."

ఆమె సీసా కింద పెట్టింది. "ముప్పంటే మా పిల్లేనా?"

అవునన్నాను. ఈ రాసినవాళ్ళ మీద కోపంతో నివేదిక నలిపి జేబులో కుక్కుకున్నాను.

కోటమ్మ మెల్లగా నవ్వింది.

"పోనీలేయ్యా," అంది. "అవతలోళ్ళకి గూడా అట్టాగే అనిపిస్తే చాలు."